నాలుగు కడుపుల మనిషి

ఈ మధ్య మా వీధిలో నర్సింగ్ చదివే అమ్మాయి ఒకతె తన ఫోన్‌లో గుండెను చూపించింది. వేలితో తోస్తే గిరగిరా తిరుగుతోంది. ఇంకోసారి తాకితే రెండు చెక్కలవుతోంది, మళ్ళీ తాకితే అతుక్కుంటోంది. "మీ కాలంలో ఇవన్నీ ఎట్లా చెప్పేవాళ్లు మేడం?" అని జాలిగా అడిగింది. మా కాలమంటే ఏ రాతియుగమో అనుకుంది కాబోలు. నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఎందుకంటే నేను నిజంగానే రాతితో పాఠం చెప్పాను.

ఆ ముచ్చట మీబోటి పిల్లల కోసమే రాస్తున్నాను. ఇందులో బోటి కూడా వస్తుంది, కంగారు పడకండి.

నంద్యాలలో ఒక నర్సింగ్ స్కూల్లో చాలా ఏళ్లు అనాటమీ, ఫిజియాలజీ చెప్పి రిటైరయ్యాను. ఒంట్లో ఏది ఎక్కడుంది, అక్కడ కూర్చుని అది ఏం పని చేస్తుంది, ఈ రెండు సంగతులే ఆ రెండు పెద్ద పేర్లూ. నాకొక పద్ధతి ఉండేది. మొదటి రోజు ఒక సంగటి ముద్దను నోట్లో పెట్టి, ఏడాది పొడుగునా దాని వెంట పిల్లల్ని నడిపించేదాన్ని. ముద్ద గొంతు దిగుతుంది, కడుపులో ఆమ్లంతో నలుగుతుంది, చిన్నపేగుల్లో సారమై రక్తంలో కలుస్తుంది. కాలేయం దాన్ని తనిఖీ చేసి పంపుతుంది. గుండె ఆ రక్తాన్ని ఊపిరితిత్తులకు తోసి, అక్కడ గాలి పోయించి, వెనక్కి తెచ్చుకుని ఒళ్లంతా తిప్పుతుంది. పనికిరానిదాన్ని మూత్రపిండాలు వడపోసి బయటికి పంపుతాయి. చివరికి "చాల్లేమ్మా, ఇంక లెయ్" అని చెప్పే మెదడు దగ్గర నా పాఠం ముగిసేది.

చిక్కు మొదటి రోజే వచ్చేది. జీర్ణం కావడమనేది నమలడంతో మొదలవుతుందని పుస్తకం చెబుతుంది. మా సీమలో సంగటి నమిలితే పెద్దవాళ్లు తిడతారు. పులుసులో అద్దుకుని గుటుక్కున మింగాల్సిందే. పిల్లలు లేచి పుస్తకం తప్పని వాదించేవాళ్లు. మీరు మింగినా కడుపు ఊరుకోదు, అది చేసే పని అది చేస్తుంది, కాకపోతే మిమ్మల్ని తిట్టుకుంటూ చేస్తుంది అని సర్దిచెప్పేదాన్ని.

ఒక బ్యాచిలో ఆళ్లగడ్డ పిల్ల ఒకతె ఉండేది. హాస్టల్లో ఉండి చదువుకునేది. ఆమె కట్టు కట్టినా, సూది వేసినా చూడముచ్చటగా ఉండేది. నోరు మాత్రం పెగిలేది కాదు. వాళ్ల నాయనకు ఆళ్లగడ్డలో మటన్ అంగడి. ఆ సంగతి ఆ పిల్ల ఎవరికీ చెప్పుకోలేదు. ఇంటి పేరు అడిగినా ఊరి పేరు చెప్పి తప్పించుకునేది. కానీ ముందు ఏడాది ప్రాక్టికల్ పరీక్షలో ఆ అంగడే బయటపడబోయింది. పరీక్ష చేసే మేడం బొమ్మలో ఎడమ పక్కన పక్కటెముకల కిందున్న చిన్న అవయవాన్ని చూపించి ఇదేమిటని అడిగితే, నాలుక మీదికి ముందొచ్చిన మాట "తిల్లి" అనేసింది. స్ప్లీన్‌ను మటన్ అంగట్లో అట్లాగే అంటారు. వెనక నిలబడ్డ పిల్లలు కిసుక్కుమన్నారు. అంతటితో ఆమె నోటికి తాళం పడింది. మిగతా ప్రశ్నలన్నిటికీ బెల్లంకొట్టిన రాయిలా నిలబడి ఫెయిలయింది.

రెండోసారి కూడా తప్పితే ఆ కోర్సు వదిలి ఇంటికి పోవలసిందే. అది మా స్కూలు నియమం. ఆ పిల్ల నర్సు కావాలని పిల్లకంటే వాళ్ల నాయనకే ఎక్కువ ఆశ. ఆయన నెలకోసారి వచ్చి గేటు బయటే నిలబడేవాడు. ఎంత పిలిచినా లోపలికి రాడు. "బట్టలు వాసనొస్తాంటాయి మేడమ్మా" అనేవాడు. ఏ వాసనా లేదు. తెల్లగా ఉతికిన చొక్కా వేసుకునే వచ్చేవాడు.

పరీక్ష ముందు ఆ పిల్లను నా గదిలో కూర్చోబెట్టి చదివించాను. అంగడి మాటలు మరిచిపోవాలని ఆమె పంతం. కాలేయం అనబోతే కార్జం వస్తుంది, కిడ్నీ అనబోతే గుర్దా వస్తుంది, వచ్చిన ప్రతిసారీ నాలుక కరుచుకుంటుంది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"తిల్లి అన్నా, ప్లీహం అన్నా, స్ప్లీన్ అన్నా అది ఎడమ పక్కనే ఉంటాది కదే పిల్లా. పేరు మారితే ఇల్లు మారుతుందా?" అన్నాను.

ఆ మాట ఆమెకు ఎక్కిందో లేదో తెలియలేదు. తల మాత్రం ఊపింది.

ఇంక కోతి సంగతి. నల్లమల పక్కనే ఉన్నాక కోతులు రాకుండా ఉండవు. మహానంది గుడిలో కొబ్బరి చిప్పలు సరిగ్గా దొరకని రోజున మా హాస్టలు మీద పడేవి. మా ల్యాబులో మనిషి మొండెం ఫైబర్ బొమ్మ ఒకటుండేది. ముందు పలక తీస్తే లోపల అవయవాలన్నీ వరసగా ఉంటాయి, ఒక్కొక్కటీ ఊడదీసి మళ్ళీ పెట్టుకోవచ్చు. పరీక్ష దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం కిటికీ తెరిచి ఉంచారు. కోతి లోపలికొచ్చింది. కాలేయాన్ని చూసింది, వద్దనుకుంది. గుండెను వాసన చూసింది, వద్దనుకుంది. లేత గులాబీ రంగులో మామిడికాయలా కనబడిన జీర్ణాశయాన్ని పట్టుకుని ఉడాయించింది. నీళ్ల ట్యాంకు మీద కూర్చుని కొరికి చూసి, రుచి నచ్చక కింది బండల మీదికి విసిరింది. ముక్కలు ఏరుకోవడానికి కూడా మిగల్లేదు. కోతి మా బొమ్మ కడుపు కొట్టిందని ఊళ్లో వారం రోజులు నవ్వుకున్నారు.

మాకు నవ్వు రాలేదు. ఈసారి వచ్చే ఎగ్జామినరు చండశాసనురాలని పేరు. పైగా ఆవిడకొక అలవాటు. బొమ్మలో నుంచి ఒక అవయవం తీసి పిల్ల చేతిలో పెట్టి, "దీని ఇంట్లో దీన్ని పెట్టు" అంటుంది. పెట్టాక, అది ఆ ఇంట్లో ఏం చేస్తుందో చెప్పాలి. అవయవం తక్కువైన బొమ్మతో పరీక్ష జరపనివ్వనని ముందే చెప్పి పంపింది. బొమ్మలమ్మే హైదరాబాదు కంపెనీకి ఫోన్ చేస్తే, కడుపు ఒక్కటే విడిగా ఇవ్వం, మొత్తం మనిషిని కొనుక్కోండి అన్నారు. అదైనా పరీక్ష అయ్యాకే వస్తుందట.

అప్పుడు మా ప్రిన్సిపాల్ గారికి ఆళ్లగడ్డ గుర్తొచ్చింది. ఆవిడది వ్యాపారస్తుల కుటుంబం. వాళ్ల కాలనీ గుడికి విగ్రహం చెక్కించింది ఆళ్లగడ్డ శిల్పుల దగ్గరే. పది చేతుల అమ్మవారిని చెక్కేవాళ్లకు ఒక కడుపు లెక్కా అని నన్ను బస్సెక్కించారు.

రోడ్డు పక్కన రాతిపొడి తెల్లగా కప్పేసిన పందిళ్లలో సగం సగం దేవుళ్లు నిలబడి ఉన్నారు. ప్రిన్సిపాల్ గారు చెప్పిన శిల్పి నా పుస్తకంలో బొమ్మను చాలాసేపు చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, పేజీ వెనక కూడా చూశాడు.

"ఇది ముందు పక్క మేడం. ఎనకపక్క యాడుంది?" అన్నాడు.

వెనక పక్క పుస్తకంలో లేదన్నాను. ఎవరూ చూడరు, ముందు బాగుంటే చాలన్నాను. ఆయనకు ఆ మాట నచ్చలేదు.

"దేవుణ్ణి గోడకానిచ్చి పెట్టినా సరే, ఈపు చెక్కకుండా మేం ఇయ్యం. మీరు పొండి మేడం, నేను చూసుకుంటా" అన్నాడు.

ఎక్కడ చూసుకుంటాడో నేను అడగలేదు. బొమ్మలోని ఖాళీకి దారంతో కొలత తీసుకెళ్లాను, అది ఇచ్చి వచ్చాను.

పరీక్ష రోజు పొద్దున ఆయన తడి తువ్వాలులో చుట్టిన మూటతో బస్సు దిగాడు. పిల్లలకు రాళ్లు తిన్నా అరిగించుకునే వయసంటారు గానీ, మా బొమ్మకు ఇంక కడుపే రాయి అనుకుంటూ మూట విప్పాను. నునుపుగా, నల్లగా, చేతికి చల్లగా ఉంది. చేతిలో అటూ ఇటూ తిప్పి మురిసిపోయాను. ఆ తర్వాత లెక్క చూశాను. ఒక పెద్ద సంచి. దాన్నంటుకుని తేనెపట్టు గళ్లతో ఇంకో చిన్న సంచి. ఆ పక్కన పొరలు పొరలుగా మూడోది. చివర కోలగా నాలుగోది. సంచులకు పక్కన చిన్న కిటికీలు కోసి, లోపలి గళ్లు, పొరలు కూడా కనబడేలా చెక్కాడు.

"బాగ లేదా మేడం?" అన్నాడు నా ముఖం చూసి.

"చాలా బాగుంది. మేకకైతే" అన్నాను.

సంగతి అప్పుడు చెప్పాడు. పుస్తకంలో వెనక పక్క లేదు కాబట్టి నిజమైన కడుపును చూద్దామని ఊళ్లో మటన్ అంగడికి పోయాడు. నంద్యాల నర్సు పిల్లల బొమ్మ కోసమని చెప్పేసరికి అంగడాయన పొంగిపోయాడట. మా పాప కూడా ఆ బళ్లోనే చదువుతోందని చెప్పి, ఉన్నవాటిలో మంచి మేకను చూసి, దాని పొట్ట కడిగి, కోసి, లోపలా బయటా విప్పి చూపించాడట. ఆయన ఎవరి నాయనో వేరే చెప్పాలా? బిడ్డకు సాయం చేస్తున్నాననుకుని బిడ్డ పరీక్షలోకి ఆయనే మేకను తోలాడు.

"మేకకూ మనిషికీ అంత తేడా ఏముంటాది మేడం? ఇద్దరూ తినేదే కదా" అన్నాడు శిల్పి. తప్పు జరిగిందని ఆయనకు ఇంకా తెలియదు. చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

ప్రిన్సిపాల్ గారు చూసి తల పట్టుకున్నారు. ఖాళీగా ఉండేకంటే ఏదో ఒకటి ఉండటం నయమనుకుని దాన్నే లోపల పెట్టాం. పెట్టగానే బరువుకు మొండెం ముందుకు వంగి మాకు నమస్కారం చేసింది. పీఠం కింద ఇటుక ముక్క దోపి నిలబెట్టాం. ఎగ్జామినరు చెయ్యి కడుపు మీదికి పోకుండా చూడమని ప్రిన్సిపాల్ గారు వాళ్ల ఇలవేల్పుకు, నేను మహానందీశ్వరుడికి మొక్కుకున్నాం.

మొక్కు చాలాసేపు పనిచేసింది. ఎగ్జామినరు ఒక పిల్లకు కాలేయం ఇచ్చింది, ఇంకొకరికి కిడ్నీ, ఇంకొకరికి ఊపిరితిత్తి. పిల్లలు గడగడా చెప్పి బయటపడుతున్నారు. మా ఆళ్లగడ్డ పిల్ల వంతు వచ్చింది. ముందుకొచ్చేటప్పుడే ముఖం పాలిపోయి ఉంది. ఎగ్జామినరు ఆమెను ఒకసారి చూసి, పాపం సులువైనదే ఇద్దామనుకుందేమో, తిన్నగా కడుపు మీద చెయ్యి వేసింది. రెండు వేళ్లతో లేపబోతే రాలేదు. రెండు చేతులా ఎత్తి, ఇదేమిటింత బరువని నా వైపు చూసి, పిల్ల చేతుల్లో పెట్టింది.

"దీని ఇంట్లో దీన్ని పెట్టు" అంది.

పిల్ల దాన్ని పట్టుకుని నిలబడింది. అటూ ఇటూ తిప్పింది. బొటనవేలితో తేనెపట్టు గళ్లను తడిమింది. తలెత్తి బొమ్మను చూసింది, మళ్ళీ చేతిలోదాన్ని చూసింది. వెనక పిల్లలు గుసగుసలు మొదలుపెట్టారు. అయిపోయింది, ఈ పిల్ల బతుకును ఒక కోతి, ఒక మేక కలిసి ముంచాయి అనుకున్నాను.

"దీనికి ఈడ ఇల్లు లేదు మేడం" అంది ఆ పిల్ల.

ఎగ్జామినరు కళ్లజోడు సర్దుకుంది. "అంటే?"

"ఇది మనిషిది కాదు. మేకది."

ఇంక ఆగలేదు. ఈ పెద్ద సంచిలోకి మేక గబగబా మేసింది పోతుంది మేడం, ఆడ నానుతుంది, పులుస్తుంది అంది. తర్వాత తీరిగ్గా పడుకుని నోట్లోకి తెచ్చుకుని నెమరేస్తుంది. ఈ గళ్లది, ఈ పొరలది దాటి చివరి సంచికి చేరాకే మన కడుపు చేసే పని మొదలవుతుంది. మనకు ఆ చివరిదొక్కటే ఉంటుంది, ఎడమ పక్కన, పక్కటెముకల కింద అని బొమ్మలో ఖాళీని వేలితో చూపించింది. మనం సంగటి నమలకుండా మింగితే మళ్ళీ నోట్లోకి తెచ్చుకునే వీలు లేదని కూడా చెప్పింది. ఏడాదంతా నేను మోసిన సంగటి ముద్ద ఆ పిల్ల నోట్లో కనబడేసరికి నా కళ్లు చెమర్చాయి.

ఎగ్జామినరు వదల్లేదు. "మరి మనిషికి నాలుగు గదులు ఎక్కడా లేవా?" అంది.

పిల్ల నవ్వింది. పరీక్షలో ఆమె నవ్వడం అదే మొదలు.

"ఉన్నాయి మేడం. గుండెలో."

ఆ నాలుగు గదుల్లోకీ ఎగ్జామినరును చెయ్యి పట్టుకుని తీసుకుపోయినట్టే తీసుకుపోయింది. చెడ్డ రక్తం కుడి పై గదికి వస్తుంది, అక్కడి నుంచి కుడి కింది గదికి, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు. గాలి పోసుకుని ఎడమ పై గదికి, ఎడమ కింది గదికి, ఆ గది గోడ మందం కాబట్టి అక్కడి నుంచి ఒక్క తోపుతో ఒళ్లంతటికీ. పై గదులు కర్ణికలు, కింది గదులు జఠరికలు అని తెలుగులో కూడా చెప్పింది. జఠరమంటే కడుపే కదా. గుండెలో గదికి ఆ పేరు పెట్టిన పెద్దమనిషి కూడా మా శిల్పిలాగే ఏ అంగడికో పోయుంటాడని నాకు ఆ క్షణంలో తోచింది.

ఆఖరున ఎగ్జామినరు ఎడమ పక్కన చిన్న అవయవం మీద వేలు పెట్టింది. ముందు ఏడాది ఆ పిల్లను ముంచింది అదే. ఆవిడకు ఆ సంగతి తెలియదు.

"అంగట్లో తిల్లి అంటాం మేడం. పుస్తకంలో స్ప్లీన్. ముసలిదైపోయిన రక్తాన్ని ఏరేస్తాది."

"ఏ అంగట్లో?"

"మా నాయనది మటన్ అంగడి మేడం. ఆళ్లగడ్డలో."

ఈసారి వెనక ఎవరూ నవ్వలేదు. అది నాకు ఆ రోజు అన్నిటికంటే సంతోషమైన సంగతి. ఎగ్జామినరు ఆ రాతి కడుపును మళ్ళీ చేతిలోకి తీసుకుని, దీన్ని ఎవరు చేయించారని నన్నడిగింది. కోతి దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పాను. చండశాసనురాలని పేరున్న ఆ మనిషి కుర్చీలో వెనక్కి వాలి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ల నీళ్లు కారేలా నవ్వింది. తర్వాత సర్దుకుని, కొత్త బొమ్మ వచ్చినా దీన్ని పారెయ్యవద్దని గట్టిగా చెప్పింది.

గేటు బయట వేపచెట్టు నీడలో శిల్పి ఇంకా కూర్చునే ఉన్నాడు. బస్సు తప్పిపోయినా పట్టించుకోలేదు.

"నా కడుపు పాసయిందా మేడం?" అన్నాడు.

"నీ కడుపు ఫెయిలయిందప్పా. దానివల్ల ఒక పిల్ల పాసయింది" అన్నాను. ఆ తర్వాత అంతా విడమరచి చెబితే తనూ నవ్వి, నాలుగు చెక్కినోణ్ణి ఒకటి చెక్కలేనా అని బొమ్మ కొలత మళ్ళీ తీయించుకుని పోయాడు.

ఫలితాలు వచ్చిన ఆదివారం పిల్ల నాయన పెద్ద గిన్నెతో వచ్చాడు. మేక పొట్ట, పేగులతో వండిన బోటి కూర, సంగటి. ఈసారి గేటు బయట నిలబడలేదు. కూతురే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, "మా నాయన" అని అందరికీ చూపించింది. ఉల్లిపాయ కూడా ముట్టని మా ప్రిన్సిపాల్ గారు ఒక పక్కన పెరుగన్నం పెట్టుకుని మాతోపాటే కూర్చున్నారు. ఆయన వడ్డిస్తూ ఏది ఒంట్లో ఎక్కడుంటుందో చెబుతుంటే, పిల్లలు దానికి పుస్తకంలో పేరేమిటో చెబుతూ తిన్నారు. నేను చెప్పిన క్లాసులన్నిటిలోనూ అంత శ్రద్ధగా సాగిన క్లాసు లేదు.

తర్వాత కొత్త బొమ్మ వచ్చింది. శిల్పి ఒంటిగది కడుపు కూడా వచ్చింది. అయినా ప్రతి కొత్త బ్యాచికీ మొదటి రోజు నేను ఇచ్చింది ఆ నాలుగు గదుల రాయినే. దీని ఇంట్లో దీన్ని పెట్టండి అనేదాన్ని. దీనికి ఇక్కడ ఇల్లు లేదని ఎవరో ఒకరు చెప్పేదాకా ఊరుకునేదాన్ని.

మనిషికి నెమరు వేసే కడుపు లేదని ఉద్యోగమంతా చెప్పాను. ఇప్పుడు వరండాలో కూర్చుని చేసేది ఆ పనే. పాతవి తలుచుకోవడాన్ని నెమరేసుకోవడమని మొదట ఎవరన్నారో గానీ వాళ్ల ఇంట్లో మేకలుండి ఉంటాయి. ఆ వేళ గబగబా మింగేసిన భయమంతా ఇప్పుడు నెమరుకు తియ్యగా వస్తోంది.

పోయిన వేసవిలో కోయిలకుంట్లలో చుట్టాల గృహప్రవేశానికి వెళ్లాను. ఓళిగలు, అలసంద వడలు, ఆపైన మామిడిపండ్లు. సాయంత్రానికి కడుపు పట్టేసింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. డ్యూటీలో ఉన్న నర్సు నా మణికట్టు పట్టుకుని నాడి చూస్తూ, ఏం తిన్నానో వరసగా చెప్పించుకుంది. గొంతు గుర్తుపట్టి తలెత్తాను. మా ఆళ్లగడ్డ పిల్లే. కొంచెం ఒళ్లు చేసింది, నోటి తాళం ఎప్పుడో ఎక్కడో పారేసుకుంది. సూది వేసి, దూది అదిమిపెట్టి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

"నాలుగు గదులుండేది యాడ మేడం?" అని అడిగింది, ముఖంలో నవ్వు లేకుండా.

"గుండెలో" అన్నాను.

"కడుపులో?"

"ఒకటే తల్లీ."

"ఆ ఒక్కటీ గుర్తు పెట్టుకోని తినండి" అని నా చెయ్యి దుప్పటి కింద పెట్టి, పక్క మంచం దగ్గరికి వెళ్లింది. నేను పరీక్ష పాసయ్యానని నాకు అర్థమైంది.